స్టేషన్‌లో ఒప్పుకున్న నేరం

పోలీసుల ఎదుట ముద్దాయి నేరం ఒప్పుకున్నా ఆ మాట కోర్టులో చెల్లదు. ‘రాత్రింబవళ్లు తిరిగి దొంగను పట్టుకొస్తే కోర్టు మమ్మల్నే అనుమానిస్తుంది’ అని పోలీసులు వాపోయేది ఇందుకే. ఆ అనుమానం పుట్టిన చోటు మనకు దూరమేమీ కాదు.

1854లో మద్రాసు ప్రభుత్వం చిత్రహింసల ఆరోపణలపై విచారణకు ఒక కమిషన్ వేసింది. అప్పట్లో మన కోస్తా, రాయలసీమ జిల్లాలు ఆ ప్రెసిడెన్సీలోనివే. శిస్తు వసూలూ, పోలీసు పెత్తనమూ తహసీల్దారు చేతిలోనే ఉండేవి. బాకీ పడ్డ రైతుకూ, దొంగతనం అంటగట్టిన కూలీకీ ఒకటే మర్యాద: చెక్కల మధ్య వేళ్లు పెట్టి నొక్కడం, ఒళ్లు వంచి తాడుతో కట్టి ఎండలో ఉంచడం. మరుసటి ఏడు వచ్చిన నివేదిక ఇదంతా నిజమేనని తేల్చింది. తప్పు మాత్రం నల్ల ఉద్యోగులదేనట, దొరలకు పాపం తెలియదట!

1859లో మద్రాసులో, 1861లో బ్రిటిష్ ఇండియాకు పోలీసు చట్టాలు వచ్చాయి. ఐర్లండు ప్రజలను అణచి ఉంచిన దళమే వీటికి నమూనా. అలాంటి పోలీసు జనానికి జవాబు చెప్పాలని ఎందుకనుకుంటాడు? దెబ్బలు ఆగలేదు. అందుకే 1872 సాక్ష్య చట్టంలో 25వ సెక్షన్ పోలీసుల ముందు ఒప్పుకోలును తోసిపుచ్చింది. కానీ 27వ సెక్షన్ ఒక సందు వదిలింది: ముద్దాయి చెప్పిన మాటను బట్టి వస్తువు దొరికితే, అంతవరకు ఆ మాట సాక్ష్యమే. ఇక వస్తువు దొరికిందని సాక్షుల ముందు రాసే రికవరీ పంచనామాయే కేసుకు ప్రాణమైంది. వస్తువు చూపించేదాకా కొట్టాలన్న ఆశా మిగిలింది. నా దృష్టిలో అసలు చిక్కు ఇదే.

స్వాతంత్ర్యం వచ్చాకా కోర్టుల అనుమానం పోలేదు. 1961లో అలహాబాదు హైకోర్టు జడ్జి ముల్లా, పోలీసులను మించిన నేరస్థుల ముఠా దేశంలో లేదన్నంత మాట తీర్పులోనే రాశారు. రెండేళ్లకు సుప్రీంకోర్టు ఆ మాటను తీర్పులోంచి తొలగించింది.

1986లో కస్టడీ మరణాలపై డి.కె. బసు అనే ఆయన సుప్రీంకోర్టుకు రాసిన ఉత్తరమే కేసై, 1996లో అరెస్టుపై 11 నిబంధనలు తెచ్చింది. 2024 జులై నుంచి కొత్త సాక్ష్య చట్టం నడుస్తోంది. పాత నిషేధమూ, పాత సందూ రెండూ అందులో 23వ సెక్షన్‌లో చేరాయి.

కనుక మీ ఇంటి మనిషిని పోలీసులు తీసుకెళ్తే, ఆ 11 నిబంధనల్లో ఉన్న అరెస్టు మెమో అడగండి. ప్రయాణ సమయం పోను 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచమనండి.