బిడ్డ తూకము

పురిటి కబురు అందగానే బిడ్డ ఆడా మగా అని అడుగుట, ఆ వెంటనే ఎంత తూగినదని అడుగుట మన యిండ్లలో పరిపాటి. అండమును, వీర్యకణమును గాజుపాత్రలో కలిపి, ఏర్పడిన పిండమును తల్లి గర్భాశయమున ప్రవేశపెట్టు ఐ.వి.ఎఫ్. పద్ధతి వలన సంతు కలిగిన యిండ్లలో ఈ రెండవ ప్రశ్న వెనుక ఒక భయము దాగియుండును. వెలుపల రూపొందిన పిండము గదా, బిడ్డ బలహీనముగా పుట్టునేమో యని.

ఇటీవల ఒక సోదరి మాకిట్లు వ్రాసినారు: “పదకొండేండ్లు ఎదురుచూచితిమి. ఇంటిస్థలము అమ్మి చికిత్సకు పూనుకొంటిమి. డాక్టరుగారు ఒక పిండము చాలునందురు. మా అత్తగారు రెండు పెట్టించుకొమ్మందురు. ఒక ఖర్చుతో ఇద్దరు బిడ్డలు గదా! ఏమి చేయుదును?”

ఈ పద్ధతిన జన్మించిన తొలి శిశువు లూయీజ్ బ్రౌన్. 1978 జూలై 25వ తేదీన ఇంగ్లండులోని ఓల్డ్‌హామ్‌లో పుట్టినపుడు ఆమె తూకము 5 పౌండ్ల 12 ఔన్సులు, అనగా సుమారు 2,600 గ్రాములు. 2,500 గ్రాములకు లోబడినచో తక్కువ తూకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్ణయము. ఆ గీతకు కొంచెమే ఎగువన నిలిచిన ఆ శిశువు పెరిగి పెద్దదై, తానును తల్లియైనది.

మరి తూకము తగ్గుటకు కారణమేమి? అన్నిటికంటె పెద్ద కారణము గాజుపాత్ర కాదు, కవలలు. ఒకరికై యున్న చోట ఇద్దరు పెరుగవలెను. నెలలు నిండకమునుపే కాన్పు వచ్చుట తరచు. అమెరికా లెక్కలలో కవలలలో సగమునకు పైగా 2,500 గ్రాములకు లోబడియే పుట్టుచున్నారు. తల్లికిని రక్తపుపోటు, రక్తస్రావము వంటి ప్రమాదములు హెచ్చు. ఇది గ్రహించియే స్వీడన్ దేశము 2003లో ఒక్క పిండమునే ప్రవేశపెట్టుట సామాన్య నియమముగా చేసినది. అక్కడ కవలల కాన్పులు మిక్కిలి తగ్గినవి.

ఒంటరిగా పుట్టిన బిడ్డల మాట యేమి? నెలలు నిండి ఒంటరిగా పుట్టినవారిలో సైతము తక్కువ తూకము సాధారణముకంటె 2.6 రెట్లు ఎక్కువగా నున్నదని 2002లో ఒక అమెరికా పరిశోధన తెలిపినది. ఐతే 2008లో నార్వే పరిశోధకులు, ఒక బిడ్డను సహజముగాను, మరియొక బిడ్డను చికిత్సతోను కన్న తల్లులను పరిశీలించిరి. అట్టి తోబుట్టువుల తూకములలో భేదము అత్యల్పము. కనుక లోపమునంతటిని చికిత్సపై మోపరాదు. గర్భము నిలుచుటకు అడ్డుపడిన కారణములకును అందు పాలు గలదు.

ఇక ఖర్చు మాట. మిగిలిన పిండము వృథా కానక్కరలేదు. దానిని ద్రవ నత్రజనిలో ఘనీభవింపజేసి దాచవచ్చును. 1978 అక్టోబరు 3న కలకత్తాలో పుట్టిన దుర్గ, డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ ఇట్లు దాచిన పిండము నుండి కలిగిన బిడ్డయే. ఇట్టి పిండముల వలన కలిగిన బిడ్డలు సగటున కొంత ఎక్కువయే తూగుచున్నారు. తల్లికి మాత్రము రక్తపుపోటు విషయమున మెలకువ అవసరము.

సోదరీ! వయస్సును, ఆరోగ్యమును చూచి చెప్పిన మీ డాక్టరుగారి మాటను పాటింపుడు. మీ అత్తగారి కోరికలో తప్పులేదు. ఆమె కోరునది నిండైన యిల్లే. కాని నెలలు నిండని యిద్దరు పసికందులను ఆసుపత్రిలో వారములకొలది కాపాడుకొనుటకు అగు వ్యయము నిప్పుడు లెక్కవేయుట లేదు. పదకొండేండ్లు నిరీక్షించిన తల్లికి కావలసినది ఒడినిండు బిడ్డ. మొదట ఒకరిని రానిండు. రెండవవారు తరువాత రావచ్చును.