ఇంటి పన్ను చీటీని చదువుకొనుట

కంచికచర్లలో కాపురమున్నవారికి నందిగామలో చుట్టములుండుట, జగ్గయ్యపేటతో వియ్యమందుట సర్వసాధారణము. ఏప్రిలు మాసము రాగానే, "మా ఊరిలో ఇంటి పన్నుకు నూటికి ఐదు తగ్గించుచున్నారు; మీకు తగ్గింపరా?" అని నందిగామ వదినగారు అడుగును. కంచికచర్ల మరదలికి సమాధానము తోచదు. అడిగినంత కట్టివేయుట, లేదా కోపించి మానివేయుట మనకు అలవాటు. ఈ రెంటి నడుమ మూడవ మార్గమొకటి కలదు. అది లెక్క చూచుకొనుట.

మొదట తెలియవలసినది, ఈ ఊళ్లు వేరువేరు చట్టముల క్రింద నున్నవి. నందిగామ, జగ్గయ్యపేటలకు 1965 నాటి పురపాలక చట్టము వర్తించును. కంచికచర్ల పంచాయతీ 1994 నాటి పంచాయతీరాజ్ చట్టము క్రిందిది. కావున వదినగారి తగ్గింపు మరదలికి తనంత తానుగా రాదు.

పట్టణములలో పూర్వము ఇంటికి వచ్చు అద్దెను అంచనా కట్టి పన్ను విధించెడివారు. 2021 నుండి స్థలము, కట్టడముల ప్రభుత్వ విలువయే ఆధారమైనది. నివాస గృహములకు ఆ విలువపై నూటికి 10 పైసలు మొదలు 50 పైసల వరకు పన్ను వేయవచ్చును. ఒక ఇంటి విలువ 12 లక్షలనియు, రేటు నూటికి 15 పైసలనియు అనుకొందము. పన్ను 1,800 రూపాయలగును. కాని పాత పన్ను 1,400 రూపాయలైనచో, ఒక్క సంవత్సరములో పెంపు నూటికి 15ను మించరాదని ఆనాడు హద్దు పెట్టిరి. అనగా పెంపు 210, చెల్లింపవలసినది 1,610. కొత్తగా గదులు కట్టినచో ఈ హద్దు వాటికి వర్తింపదు.

ఈ పన్ను రెండు అర్ధ సంవత్సరములకు 805 చొప్పున విభజింపబడును. ఏప్రిలు 30 లోపల ఏడాది మొత్తమును కట్టినవారికి నూటికి ఐదు, అనగా 80 రూపాయల 50 పైసలు మిగులును. గడువు దాటినచో నెలకు నూటికి రెండు వడ్డీ. 805 రూపాయలపై అది నెలకు 16 రూపాయల 10 పైసలు. ఐదు నెలల ఆలస్యము చేసినచో ఏప్రిలులో మిగులవలసిన సొమ్మంతయు వడ్డీ రూపమున పోవును. 2025 మార్చిలో బకాయిల వడ్డీలో సగము మాఫీ చేసిన మాట నిజమే. అటువంటి మాఫీని నమ్ముకొని బకాయి పడుట గృహస్థ ధర్మము కాదు.

మరియొక సంగతి. పట్టణములో 375 చదరపు అడుగులకు మించని ఇంటిలో యజమాని తానే నివసించుచున్నచో, ఏడాదికి పన్ను 50 రూపాయలు మాత్రమే. పేదవారికి ఇది పెద్ద ఊరట. చీటీలో ఇంటి కొలత తప్పుగా పడినచో ఈ ఊరట చేజారును. కావున టేపు పెట్టి కొలిచి చూచుకొనుట మేలు.

పంచాయతీలో ఇంటి పన్నును అద్దె విలువపై గాని, మూలధన విలువపై గాని వేయుదురు. దానితోపాటు గ్రంథాలయ సుంకము రూపాయికి 8 పైసలు. ఇంటి పన్ను 500 అయినచో సుంకము 40. ఇది కొత్త భారము కాదు. ఈ ప్రాంతము మద్రాసు రాష్ట్రములో నున్నపుడే, 1948 నాటి గ్రంథాలయ చట్టము రూపాయికి ఆరు పైసల చొప్పున, అనగా నాటి అణాలో పన్నెండవ వంతు పైసలను లెక్కగొని, దీనిని విధించినది. ఇక 2025 మే నెలలో, గ్రామ పంచాయతీలలోని సైనికుల ఇండ్లకు పన్ను మినహాయింపును రాష్ట్ర ప్రభుత్వము ప్రకటించినది. అట్టి కుటుంబములవారు అర్హత పత్రములతో పంచాయతీ కార్యాలయమున విచారించుకొనవలెను.

చీటీ చేతికి వచ్చినపుడు నాలుగు సంగతులు చూడవలెను. ఇల్లు ఎవరి పేరిట నున్నది? కొలత సరియేనా? పాత బకాయిని కట్టిన పిమ్మటను మరల చేర్చిరా? నివాసమును దుకాణముగా వ్రాసిరా? తప్పున్నచో పాత రసీదును జతపరచి, వ్రాతమూలకముగా అర్జీ నిచ్చి, అందినట్లు సంతకము తీసికొనవలెను. నోటిమాట అర్జీ కాదు.

వీధి దీపము, మంచినీటి కుళాయి, మురుగు కాలువ ఈ సొమ్ముపై ఆధారపడినవి. న్యాయముగా రావలసినది కట్టినవారికే, దీపమేల వెలుగలేదని గట్టిగా అడుగు హక్కు శోభించును. రసీదులను పెట్టెలో భద్రపరచుడు. పిల్లల చేత ఒకసారి లెక్క కట్టించుడు. చదువు ఇంటికి ఉపయోగపడుట వారును చూతురు.