విటమిన్ ఇ – మన వంటిల్లు



మేము బడిపంతుళ్లం, డాక్టర్లం కాము. అయినా ఈ సంగతి మీ ముందు పెట్టవలసి వచ్చింది. మన హాస్టల్ ఆడపిల్లలకు ఏడాది పొడవునా విటమిన్ ఇ గుళికలు కొనిస్తామని ఒక దాత ముందుకు వచ్చారు. మంచి మనసుతోనే అన్నారు. పిల్లలూ సంబరపడ్డారు. ఆ గుళికను సూదితో పొడిచి ముఖానికి, జుట్టుకు రాసుకోవడం వాళ్లకు ఎప్పుడో తెలుసు! వద్దనాలంటే కారణం చెప్పాలి గదా, అందుకని మేము చదవడం మొదలుపెట్టాము.

ఈ విటమిన్‌ను 1922లో కాలిఫోర్నియాలో హెర్బర్ట్ ఇవాన్స్, కాథరిన్ బిషప్ గుర్తించారు. వాళ్లు పెట్టిన మేతతో ఎలుకలు బాగానే పెరిగాయి గాని వాటికి కడుపు నిలవలేదు. లెట్యూస్ ఆకు పెడితే ఈనాయి. టోకోఫెరాల్ అన్న పేరు అలా వచ్చిందే. గ్రీకులో టోకోస్ అంటే కాన్పు.

నూనె నిలవుంటే చెడి వాసన వస్తుంది గదా. మన ఒంట్లో కణాల పొరల్లోనూ కొవ్వు ఉంటుంది. అది అలా చెడకుండా విటమిన్ ఇ కాపాడుతుంది. పద్నాలుగేళ్లు దాటినవారికి రోజుకు 15 మిల్లీగ్రాములు చాలునని అమెరికా నిపుణుల లెక్క. దాత కొంటామన్న గుళికలో ఉన్నది 400 మిల్లీగ్రాములు, అంటే ఇరవై ఆరు రెట్లకు పైనే. మామూలుగా తిని తిరిగే మనిషికి ఈ విటమిన్ లోపం అరుదు. కొవ్వు జీర్ణం కానివారికి, నెలలు నిండక పుట్టిన పసివాళ్లకు వస్తుంది. వాళ్లకు డాక్టరే ఇస్తారు.

ఎక్కువైతే పోయేదేముంది అనుకుంటాము. అమెరికా, కెనడాల్లో 35 వేలమందికి పైగా మగవారితో జరిగిన పరిశీలనలో, రోజూ పెద్ద మోతాదులో విటమిన్ ఇ మింగినవారికి ప్రొస్టేట్ క్యాన్సర్ 17 శాతం ఎక్కువగా వచ్చిందని 2011లో తేలింది. రక్తం పలచబడే మందు వాడుతున్న పెద్దలు ఈ సభలోనూ ఉన్నారు. డాక్టర్‌ను అడగకుండా ఈ గుళికల జోలికి పోకండి, రక్తస్రావం ప్రమాదం ఉంది. ఇంకొకటి, గుళిక తొడుగు సాధారణంగా జంతువుల నుంచి తీసే జెలటిన్. మేము చూసిన డబ్బా మీద ఏ జంతువుదో రాసి లేదు. ఆ సంగతి ఉలమాలు చెప్పాలి.

మరి తిండిలో? గుప్పెడు బాదంలో 7 మిల్లీగ్రాములు ఉంటుంది. షీర్ ఖుర్మాలో ఖర్జూరం తీపిదే గాని, ఈ లెక్కలో పని చేసేది బాదం. అయితే రోజూ బాదం పెట్టడం ఏ హాస్టల్ వల్లా కాదు. గుప్పెడు వేరుశనగపప్పులో 2 మిల్లీగ్రాములకు పైన, పెద్ద చెంచా పొద్దుతిరుగుడు నూనెలో 5కు పైన ఉంటుంది. పాలకూర కొంత కలుస్తుంది. రంజాన్‌లో సమోసాల బాండీలో మళ్లీ మళ్లీ కాగే నూనెలో మాత్రం ఇది తరిగిపోతూ ఉంటుంది. ఆ నూనెను మర్నాటి కూరలోకి వాడవద్దని వంటవాళ్లకు చెప్పి చెప్పి మా నోరు నొప్పి పుట్టింది.

గుళికల డబ్బుతో పల్లీలు, మంచి నూనె కొనమని ఆ దాతను అడిగాము. మొదట నొచ్చుకున్నారు. తర్వాత మూట ధర కనుక్కొని సరేనన్నారు. పల్లీలకు బూజు పడితే కాలేయానికి చేటు, పారబోయాల్సిందే. కాబట్టి తడి తగలని, ఎలుకలు దూరని ఇనుప డబ్బాలు నాలుగైనా కావాలి. వాటి ఖర్చు ఇంకా ఎవరి పేరా రాసుకోలేదు.