హాస్టలులో జ్వరం దాచవద్దు
(ఉపకార వేతనాల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)

ఈ ఏడు ఉపకార వేతనం అందుకున్న తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు అభినందనలు. చదువు గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను జ్వరం గురించి చెబుతాను. షోలాపూరు నుండి పూణే హాస్టళ్ళకు వెళ్ళే మన పిల్లలకు ఇదీ అవసరమే.

2009లో నేను పూణేలో ఇంజనీరింగు చదువుతున్నాను. స్వైన్ ఫ్లూతో మన దేశంలో మొదటి మరణం ఆ ఆగస్టులో ఆ ఊళ్ళోనే సంభవించింది. నాయుడు ఆసుపత్రి ముందు బారులు, ముఖాలకు చేతిరుమాళ్ళు, కళాశాలలకు సెలవులు. అంత గగ్గోలులోనూ మా గదిలో ఎవరికీ ఏమీ కాలేదు. సెలవులు ముగిసి, భయం తగ్గాక వచ్చింది.

నా గది మిత్రుడు మధ్యాహ్నం క్రికెట్ ఆడి, సాయంత్రానికి మంచం పట్టాడు. వణుకు, ఒళ్ళు నొప్పులు, తలపోటు, పొడిదగ్గు. జలుబు ముక్కుతో మొదలై మెల్లగా ముదురుతుంది. ఫ్లూ చాలాసార్లు ఇలా ఒక్కసారిగా పడగొడుతుంది. ఆ తేడా మాకు తెలియదు. రెక్టరుకు చెబితే ఇంటికి పంపుతారని, ఇంటర్నల్ పరీక్షలు పోతాయని, హాజరు తగ్గితే ఉపకార వేతనం ఆగుతుందని వాడి భయం. నేనూ నోరు మెదపలేదు. పైగా నా పెట్టెలో మిగిలిన యాంటీబయాటిక్ మాత్రలిచ్చాను. అవి వైరస్ మీద పనిచేయవు. నాలుగో రోజు జ్వరం తగ్గింది. ఆరో రోజు తిరగబెట్టి, ఆయాసంతో మెట్లెక్కలేకపోయాడు. న్యుమోనియా అన్నారు. పదకొండు రోజులు ఆసుపత్రి. బ్రతికాడు గాని ఏ పరీక్షల కోసం దాచాడో అవీ పోయాయి, సెమిస్టరూ పోయింది.

ఇప్పుడు నేనే ఒక హాస్టలుకు రెక్టరును. వానాకాలంలో నా చెవి దగ్గుల మీదే ఉంటుంది. జ్వరం వచ్చిన రోజే డాక్టరుకు చూపించండి. ఫ్లూ మందు ఆయన అవసరమని వ్రాస్తే 48 గంటలలోపు మొదలుపెట్టినప్పుడే ఎక్కువ మేలు. ఆ రోజుల్లోనే డెంగ్యూ కూడా తిరుగుతుంది కనుక పారాసెటమాల్ తప్ప వేరే నొప్పి మాత్రలు మీకై మీరు మింగవద్దు. ఆయాసం, ఛాతీ నొప్పి, మగత, కఫంలో రక్తం, తగ్గిన జ్వరం తిరగబెట్టడం, వీటిలో ఏది కనబడినా అర్ధరాత్రయినా ఆసుపత్రికే. డాక్టరు సర్టిఫికెట్టు తీసుకుని హాజరు సంగతి కళాశాలలో ఆ వారమే మాట్లాడండి.

లక్షణాలు కనబడకముందు ఒకరోజు నుండే ఇది అంటుకుంటుంది. అందుచేత ఒకే గ్లాసు, ఒకే తువ్వాలు వద్దు. కిటికీలు తెరవండి. టీకా ఏటేటా వేయించుకోవాలి, పనిచేయడానికి సుమారు రెండు వారాలు పడుతుంది.

తల్లిదండ్రులకు ఒక మనవి. జ్వరంతో ఉన్న పిల్లవాణ్ణి ఇంటర్‌సిటీ ఎక్కి వచ్చేయమనకండి. అమ్మలు ఒప్పుకోరని తెలుసు. రైలులో పదిమందికి, ఇంట్లో నానమ్మకు అంటుకుంటుంది. మాత్ర లేకుండానే జ్వరం తగ్గి ఒకరోజు గడిచేదాకా గదిలోనే ఉండనివ్వండి, మీరు రోజుకు రెండుసార్లు ఫోను చేయండి. "పరీక్ష ఎప్పుడు?" అని మాత్రం ముందుగా అడగవద్దు.

సందేహాలుంటే టీ సమయంలో నన్నడగండి. ఇక్కడే ఉంటాను.