కొండదారికి తేలిక గేరు

నరసరావుపేట నుండి కోటప్పకొండకు సైకిలుపై బయలుదేరినవానికి చదునునేలపై కలుగు ఉత్సాహము, త్రికూటేశ్వరుని సన్నిధికి చేర్చు ఘాటురోడ్డు మొదలుకాగానే మోకాళ్ల పరీక్షగా మారును. సామాను కట్టుకొని, మాచర్ల మీదుగా దోర్నాల చేరి, నల్లమల కనుమలలో శ్రీశైలమునకు పోదలచినవానికి ఆ పరీక్ష మరింత కఠినము.

వేగమునకై నిర్మింపబడిన రోడ్‌బైకులలో పెక్కింట, పెడళ్లవద్దనుండు చిన్నచక్రమునకు 34 పళ్లును, వెనుక క్యాసెట్టు అను పళ్లచక్రముల గుత్తిలోని పెద్దచక్రమునకు 28 పళ్లును ఉండును. అట్టి గేరులో పెడలు ఒక చుట్టు తిరిగినచో బండి సుమారు రెండున్నర మీటర్లు సాగును. వెనుకచక్రమునకు సయితము 34 పళ్లున్న క్యాసెట్టు అమర్చినచో, అదే చుట్టునకు రమారమి 2.1 మీటర్లే సాగును; నడక మందగించును గాని కాలిపై భారము తగ్గును.

అయితే క్యాసెట్టు మార్చినంతమాత్రమున పని ముగియదు. గేరు మార్చు డీరైలరు ఆ పెద్దచక్రమును అందుకొనగలదై యుండవలెను. చైనుకు కొన్ని లింకులు అధికముగా కావలెను. చైను పొట్టిదైనచో, ముందు వెనుకల పెద్దచక్రములపై బడినవేళ బిగిసి డీరైలరునే విరువవచ్చును.

టూర్ ద ఫ్రాన్స్ పందెమున 1937లో డీరైలరుకు అనుమతి లభించెను. పందెగాండ్రే గేరు మార్చుకొనుచుండగా యాత్రికుడు సంకోచింపనేల?