రోగము తగ్గినను గుండెను మరువరాదు



పూర్వము రక్తపు క్యాన్సరు సోకిన బిడ్డకు మందు లేదు. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలకు పరిశోధనాధ్యక్షులై యుండగా, అచట అమినోప్టెరిన్ అను ఔషధము సిద్ధమయ్యెను. దానిని బోస్టను నగరమున డాక్టరు సిడ్నీ ఫార్బరుగారు పిల్లలకిచ్చి, రోగము తాత్కాలికముగా అణగుటను 1948లో లోకమునకు చాటిరి. ఆ యేడే సుబ్బారావుగారు కీర్తిశేషులైరి.

1960ల నుండి డానోరుబిసిన్, డాక్సోరుబిసిన్ మున్నగు మందులు తోడై, నేడు ఎందరో బిడ్డలు స్వస్థులై పెరుగుచున్నారు. కాని అమృతమునకు ముందు హాలాహలము పుట్టినట్లు, ఈ రెండు మందులకు ఒక దోషము కలదు. అవి కొందరి గుండె కండరమును బలహీనపరచును. మొత్తము మోతాదు హెచ్చినకొలది అపాయము హెచ్చును. అది అనేక సంవత్సరముల పిమ్మట బయటపడుటయు కలదు.

కావున రోగము తగ్గిన యువకుడు నల్లపాటి మిరపచేలలో కాయ కోయుచు ఆయాసపడినచో, సోమరి యని నిందింపరాదు, వైద్యునికి చూపవలెను. ఏ బాధయు లేకున్నను వైద్యుడు చెప్పిన గడువున గుండెకు ఎకో పరీక్ష చేయించవలెను. పొగాకు మానవలెను. రక్తపోటును అదుపున నుంచవలెను. గర్భము గుండెకు అదనపు భారము. పెండ్లియైన ఆడుబిడ్డ పూర్వరోగమును వైద్యురాలికి దాచరాదు.

ఏ మందు ఎంత యిచ్చిరో తెలుపు ఆసుపత్రి కాగితమును పొలము దస్తావేజువలె భద్రపరుపుడు. బాకీ తీరినదని చెల్లుచీటిని పారవేయువాడు లేడు గదా!