పాత పంటల బండి వచ్చింది

సంక్రాంతి రోజుల్లో జహీరాబాద్ చుట్టుపక్కల పల్లెల్లోకి అలంకరించిన ఎడ్లబండ్లు వస్తాయి. వాటి మీద జొన్నలు, కొర్రలు, సామలు, కందులు. పస్తాపూర్ కేంద్రంగా 1983 నుంచి పనిచేస్తున్న డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు జరిపే పాత పంటల జాతర ఇది. జాతరలో ఈ పంటల గురించి చెప్పేది తమ చేలల్లో వాటిని పండించి, ఆ గింజే వండుకునే ఆడవాళ్లు. ఎక్కువమంది దళిత రైతులు. 2008లో మొదలైన సంఘం రేడియో కూడా వాళ్లదే.

వాళ్ల జొన్నరొట్టె సంగతి చూడండి. జొన్నపిండికి గోధుమపిండిలా సాగే గుణం లేదు. అందుకే మరిగే నీళ్లు పోసి కలుపుతారు. పిండి కాస్త ఉడికి ముద్ద కడుతుంది. వేడి పూర్తిగా ఆరకముందే అరచేత్తో మర్దించి, పొడిపిండి చల్లి, చేత్తోనే తట్టి పెనం మీద వేస్తారు. పైన నీళ్లు అద్ది, తడి ఆరాక తిప్పుతారు. నూనె చుక్క అక్కర్లేదు. నంజుకోవడానికి కందిపప్పు, అందులో చేలో దానంతటదే మొలిచిన దొగ్గలికూర. కలుపుమందు కొట్టిన చేలో అది దొరకదు మరి!

ఈ పాత పంటలు మన ఇంట్లోనూ వండుకోవాలని బజారులో కొర్రలు కొనేవాళ్లు మరీ పాలిష్ పట్టినవి తేకండి, పీచు పోతుంది. తవుడు పొర ఉన్న గింజను రాత్రే నానబెట్టండి. ధర ఎక్కువే, నిజమే. పేదల తిండి ఇప్పుడు షోకు సరుకైంది. పిల్లలకు మొదటిసారి పెడుతుంటే అన్నంలా కాకుండా కూరగాయలేసి ఉప్మాలా చేయండి, పేచీ తక్కువ.